నలభై నంబరు ఆయిల్

ఎల్లారెడ్డి,
3 నవంబరు 2024

బిడ్డా ఆశ్రితా,

ఇక్కడ మేమంతా మంచిగున్నం. మేమంతా అంటే నేను, మీ అత్త, ఆమె కోళ్లు. నీకు సర్కారు బడిల టీచరు కొలువు వచ్చిన సంగతి తెలియని మనిషి ఎల్లారెడ్డిల మిగలలేదు. అందరికీ నేనే చెప్పిన. కొందరికి రెండుసార్లు చెప్పిన.

నలభై కిలోమీటర్లకు మామ ఉత్తరం రాసుడేంది, ఫోన్ లేదా అనుకుంటున్నవేమో. ఫోన్ ఉన్నది. కానీ ఇప్పటి ఫోన్లు మనిషి గొంతు సగం మింగుతున్నయి. మొన్న నువ్వు మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడు ఫోన్లు మార్చిన, మూడూ గంతే. కంపెనీలన్నీ కూడబలుక్కున్నయి. కాగితం అయితే మింగదు.

ఇగ అసలు ముచ్చట. కొలువు వచ్చిన సంతోషంల కారు నీకిచ్చి పదిరోజులైంది. ఇరవై ఏండ్ల కారు. నా చెల్లె బిడ్డవు కాబట్టి ఇచ్చిన, వేరేవాళ్లకైతే దాని నీడ కూడా ఇయ్యకపోదును. డిక్కీల నల్ల డబ్బా పెట్టిన, చూసినవా? అది నలభై నంబరు ఆయిల్. రైసుమిల్లుల డీజిల్ ఇంజన్‌కు ముప్పై రెండేండ్లు నా చేతులతోని పోసింది అదే. మిల్లు మూతపడ్డది గానీ ఆ ఆయిల్ మీద నా నమ్మకం మూతపడలేదు. కారుకు కూడా అదే పొయ్యాలె. దుకాణాలల్ల అమ్మే పల్చటి ఆయిల్ పోస్తే పాత ఇంజన్ ఎండుకపోతది.

ఇంజన్ ఆరోగ్యం తెలుసుకునుడు సులువే. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించు, పిడి చెవికి పెట్టుకో. లోపల ఏమున్నా చెప్తది. నాకైతే ఎన్నో ఏండ్ల నుంచి ఒక్క చప్పుడు కూడా రాలేదు. వెన్న లెక్క నడుస్తది.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

మీ మామ,
కిష్టయ్య


కామారెడ్డి,
9 నవంబరు 2024

మామకు, అత్తమ్మకు నమస్తే.

నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజులు పట్టింది మామా. అత్తమ్మ కోడికి కట్టి పంపినా ముందే వచ్చేది.

కారు చాలా ఉపయోగపడుతున్నది. బడి మాచారెడ్డి అవతల, బస్సు రోజుకు రెండుసార్లే. కారు లేకపోతే నా కొలువు వారం కూడా నిలిచేది కాదు. కాకపోతే చప్పుడు. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి టకటకటక. ఊరి మొగదల ఉండంగనే పిల్లలకు వినిపిస్తున్నదట, నేను వచ్చేసరికి పుస్తకాలు తెరిచి బుద్ధిమంతుల లెక్క కూర్చుంటున్నరు. మా హెడ్‌సార్ ఇది నా గొప్పతనం అనుకుంటున్నడు.

అందుకే నిజాంసాగర్ చౌరస్తా దగ్గర తాజుద్దీన్ భాయ్ అని మెకానిక్ ఉంటే చూపించిన. ఆయన ముందు సీటు ఎదురుగా ఉన్న పెట్టెలోంచి కారు పుస్తకం తీసిండు. ఇరవై ఏండ్లయినా దాని మీద ప్లాస్టిక్ కవర్ అట్లనే ఉన్నది మామా. అందులో ఏ ఆయిల్ పొయ్యాలో పట్టిక వేసి ఉన్నది: పది డబ్ల్యూ ముప్పై. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తొందరగా పారుతదో చెప్తదట, రెండోది ఇంజన్ వేడెక్కినంక ఎంత చిక్కగా నిలుస్తదో. నలభై నంబరుకు ఆ మొదటి అంకే లేదు, పొద్దున పూట అది పైకి ఎక్కేలోపల ఇంజన్ ఒట్టిగ రాసుకుంటదని ఆయన అన్నడు. పాతది తీసేస్తే జామకాయ జెల్లీ లెక్క దిగింది. పుస్తకంలో ఉన్నదే పోయించిన. చప్పుడు మాత్రం ఆయిల్‌ది కాదట, ఇంజన్ లోపల టాపెట్లు అనే ముక్కలు వదులై కొట్టుకుంటున్నయట, వాటిని సెట్ చెయ్యాలట. దానికి కారు ఒకరోజంతా ఆయన దగ్గర ఉంచాలె, నాకు ఆ ఒకరోజు దొరకడం లేదు.

ఇంకో మాట. డిసెంబరు 22, ఆదివారం, ఇక్కడ ఒక ఫంక్షన్‌హాల్‌లో చెవుల పరీక్ష పెడుతున్నరు. అవసరమైనవాళ్లకు చెవి మిషన్ అక్కడికక్కడే పెడతరట. నీ పేరు రాయించిన. వెనుక నుంచి ట్రాక్టర్ హారన్ కొడుతుంటే నువ్వు రోడ్డు మధ్యలోనే నడిచినవని అత్తమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నాన్న పోయినంక నన్ను చదివించింది నువ్వు. నాకు నువ్వు కావాలె మామా.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
14 నవంబరు 2024

ఆశ్రితకు,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మూడో పూట మీ అత్త కోడిగుడ్ల పులుసు పెట్టింది కాబట్టి తిన్న.

నా ఆయిల్ తీసేసినవు. జెల్లీ అన్నవు. సరే. నీకు చరిత్ర తెలియదు కాబట్టి చెప్తున్న, విను.

2012ల ఈ కారు ఇట్లనే టకటకమన్నది. అప్పటిదాకా నేను కూడా అందరి లెక్క పల్చటి ఆయిలే పోసేటోణ్ని. ఎందుకో ఒకరోజు మిల్లు డబ్బా తెచ్చి నలభై నంబరు పోసిన. మొదటి ఏడు చప్పుడు కొంచెం తగ్గింది. రెండో ఏడు ఇంకింత తగ్గింది. మూడో ఏటికి చప్పుడన్నదే లేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కనాడు టక్కుమనలేదు. దీనికి మీ అత్త సాక్షి. ఇప్పుడే అడిగిన, ఏదో అని తలకాయ ఊపింది.

నీ దగ్గరికి పోయి పదిరోజులు కాకముందే మళ్ల చప్పుడు మొదలైందంటే తప్పు ఎవరిది? ఆయిల్ మార్చకముందు నుంచే ఉన్నదని రాసినవు. అది కామారెడ్డి రోడ్ల చప్పుడు. లారీలు, డీజేలు. వాటి నడుమ నీకు ఏది ఎక్కడిదో ఎట్ల తెలుస్తది? ముప్పై రెండేండ్లు ఇంజన్ పక్కన నిలబడ్డ చెవులు ఇవి. వీటికి పరీక్ష పెట్టేటోడు ఇంకా పుట్టలేదు. ఆ ట్రాక్టరోడు హారన్ కొట్టనే లేదు.

అయినా నీ మాట తీసెయ్యను. ఒక షరతు. నా నలభై నంబరు మళ్ల పోయించు. అది ఉన్న కారుల అయితే కూర్చుని వస్త, చెవులు చూపించుకుంట. నీ పల్చటి ఆయిల్ ఉన్న కారు నా వాకిట్లకు వస్తే బస్సు ఎక్కి వేరే ఊరికి పోత.

కిష్టయ్య


కామారెడ్డి,
21 నవంబరు 2024

మామా,

నువ్వే గెలిచినవ్. తాజుద్దీన్ భాయ్ దగ్గరికి పోయి నలభై నంబరు పోయించిన. చప్పుడు పోయింది. మొత్తం పోయింది. పిల్లలకు నేను వస్తున్నట్టు తెలియక మొన్న ఒకడు బల్ల మీద డ్యాన్స్ చేస్తూ దొరికిండు.

తాజుద్దీన్ భాయ్ కూడా ఆశ్చర్యపోయిండు. మీ మామ లాంటి మనిషిని చూడలేదు అన్నడు.

డిసెంబరు నడుమ దాకా ఆదివారాలు నాకు ట్రైనింగ్ ఉన్నది, అందుకని కారు తెచ్చి చూపించలేను. చెవుల పరీక్షకు నిన్ను తీసుకపోవడానికి డిసెంబరు 22 పొద్దున వస్త. షరతు నేను తీర్చిన, ఇక నీ వంతు.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
27 నవంబరు 2024

బంగారు బిడ్డా,

నీ ఉత్తరం హోటల్ల అందరికీ చదివి వినిపించిన. బల్ల మీద డ్యాన్స్ చేసిన పిలగాని ముచ్చట దగ్గర అందరూ నవ్విన్రు. మెకానిక్ అన్న మాట రెండుసార్లు చదివిన. తెలివి ఉన్న మనిషి, ఎక్కడున్నా తెలిసిపోతది. ఆయనకు నా సలాం చెప్పు.

పదవ తరగతిల నువ్వు ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకు ఇంత సంబురం కాలేదు. చదువుకున్న పిల్ల మామ మాట ఎందుకు వింటదిలే అనుకున్న. విన్నవు.

ఇప్పుడు ఎల్లారెడ్డిల నాకు తీరిక లేదు. పొద్దుగాల లేస్తే ఒకరు బండి తెస్తున్నరు. స్క్రూడ్రైవర్ పెట్టి వింట, చప్పుడు లేదు అని చెప్త, సంతోషంగ పోతున్నరు. మన ఇంటెనుక మల్లయ్య ఉన్నడు కదా, అల్లునికని కొత్త కారు కొన్నడు. ఈ ముచ్చట విని ఆయన కూడా నలభై నంబరు పోయించుకుంట అన్నడు. వచ్చే వారంల పోస్త.

కిష్టయ్య మామ


కామారెడ్డి,
5 డిసెంబరు 2024

మామా,

ఈ ఉత్తరం చదివిన వెంటనే మల్లయ్య మామ ఇంటికి పో. కొత్త కారుకు నలభై నంబరు పొయ్యొద్దు. నీ ఆయిల్ మంచిదే, కానీ నువ్వే రాసినవ్ కదా, పాత ఇంజన్ కోసమని. కొత్తదానికి దాని పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. కావాలంటే మల్లయ్య మామ అల్లునితోనే పుస్తకం తీయించి చదివించు. నిన్ను ఎవరూ కాదనకముందే నువ్వే వద్దన్నట్టు ఉంటది, పరువు కూడా నిలుస్తది.

ఇంకా ఎవరెవరికి పోసినవ్? నిజం రాయి.

నేను ఈ మధ్య సరిగా నిద్రపోవడం లేదు. కారణం ఏమీ లేదు, ఊరికే.

22 మరువకు.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
12 డిసెంబరు 2024

ఆశ్రితకు,

నీ ఉత్తరం ఒకరోజు ఆలస్యమైంది. పోసేసినం. రెండు రోజులు మంచిగనే నడిచింది. మూడో రోజు పొద్దున చలికి కారు కదలలేదు. మల్లయ్య అల్లుడు బ్యాటరీ అన్నడు. నేను కూడా బ్యాటరీ అనే అన్న. నలుగురం నూకితే స్టార్ట్ అయింది. వేరే ఎవ్వరికీ పొయ్యలేదు, మిగతావాళ్లవి మోటార్‌సైకిళ్లు.

22కు తయారుగ ఉంట. మాట ఇచ్చిన, తప్పను. ఎక్కేముందు ఇంజన్‌ల ఆయిల్ కొలిచే గేజి పుల్ల తీసి చూస్త. రెండు వేళ్ల నడుమ రుద్దితే ఏ నంబరు ఆయిలో నాకు తెలుస్తది. నీ మీద అనుమానం కాదు, అలవాటు.

మీ అత్త పప్పుచారు పెట్టి ఇస్త అంటున్నదేమో. సైగలను బట్టి చెప్తున్న.

కిష్టయ్య


కామారెడ్డి,
24 డిసెంబరు 2024

మామా,

ఇది నాలుగోసారి రాస్తున్న. మూడు చించేసిన.

ఆదివారం పొద్దున నువ్వు గేజి తీసి, వేళ్ల మధ్య రుద్ది, "గిది నా ఆయిల్" అని ముందు సీట్లో కూర్చున్నప్పుడు నేను అత్తమ్మ వైపు చూడలేకపోయిన. కామారెడ్డి చేరేలోపల మూడుసార్లు "చూసినవా, చప్పుడే లేదు" అన్నవు. మూడుసార్లూ "అవును మామా" అన్న. కారు పిండిగిర్నీ లెక్క కొట్టుకుంటున్నది.

ఫంక్షన్‌హాల్‌లో చెవులు పరీక్షించిన మేడం నీ రెండు చెవులకూ మిషన్లు పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు తాడ్వాయి దగ్గర నా ముఖం వైపు చూసినవ్. లింగంపేట దగ్గర ఆపు అన్నవ్. దిగి, బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్ ముందు చాలాసేపు నిలబడి, మూసి, వచ్చి కూర్చున్నవ్. ఎల్లారెడ్డిలో నిన్ను దించి, అత్తమ్మ చాయ్ పెడతానన్నా ఆగకుండా వచ్చేసిన. భయమైంది.

కాబట్టి రాస్తున్న. నవంబరులో నేను నీ ఆయిల్ పోయించలేదు. అబద్ధం రాసిన. చప్పుడు పోయిందన్నది అబద్ధం, బల్ల మీద డ్యాన్స్ చేసిన పిలగాడు కూడా లేడు. తాజుద్దీన్ భాయ్ నీలాంటి మనిషిని చూడలేదన్నది మాత్రం నిజం, కానీ నువ్వు అనుకున్న అర్థంలో కాదు. నువ్వు గేజి తీస్తానని రాసినవ్ కాబట్టి శనివారం పోయి, రెండు నెలలు కూడా తిరగని మంచి ఆయిల్ తీయించి నీది పోయించిన. "ఏం తమాషా బేటీ ఇది" అనుకుంటనే పోసిండు ఆయన. మరునాడు పొద్దున కారు తొమ్మిదోసారికి స్టార్ట్ అయింది.

ఆ ట్రాక్టర్ భయానికి అబద్ధం ఆడిన మామా. వేరే తోవ దొరకలేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, కారు కావాలంటే తెచ్చి ఇచ్చేస్త. మిషన్లు మాత్రం తీసి పెట్టెలో పెట్టకు.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
29 డిసెంబరు 2024

బిడ్డా ఆశ్రితా,

నీ ఉత్తరం ముట్టింది. నీ మీద కోపం లేదు. ముందు సిగ్గు వచ్చింది, ఇంకా అది పోనే లేదు, కోపానికి సందు దొరకలేదు. ఫోన్ ఇప్పుడు మంచిగనే వినిపిస్తున్నది. కంపెనీలను ఊరికే తిట్టిన. అయినా ఉత్తరమే రాస్తున్న, ఫోన్ల చెప్తే మీ అత్త వింటది.

లింగంపేట దగ్గర ఎందుకు ఆపమన్ననో చెప్త. ఇది నా కారు కాదనుకున్న. నా నంబరు ప్లేటు వేరే కారుకు బిగించి తెచ్చినవేమో అనుకున్న. బానెట్ ఎత్తి చూస్తే నేను కట్టిన ఎర్ర తీగ అట్లనే ఉన్నది. నా కారే. నా ఆయిలే. పొద్దున నా వేళ్లతోని రుద్ది చూసిందే. ఆ మోత మిల్లుల కూడా నేను వినలేదు.

అక్కడ నిలబడి లెక్క చూసుకున్న. మొదటి ఏడు కొంచెం తగ్గింది, రెండో ఏడు ఇంకింత, మూడో ఏటికి మొత్తం పోయింది. ఏ ఆయిల్ అయినా పని చేసేటందుకు మూడేండ్లు తీసుకుంటదా? ఇంజన్‌కు ఏమీ కాలేదు. నా చెవులు పోయినయి. అవి పోయినకొద్దీ నేను ఆయిల్‌ను మెచ్చుకున్న. ఆ మెప్పుతోనే మల్లయ్య కారు కూడా ఆగం చేసిన. మొన్న పోయి చెప్పుకున్న. వాళ్ల అల్లుడు పుస్తకం చూసి ఆయిల్ మార్పిచ్చిండు. మల్లయ్య ఇంకా బ్యాటరీయే అంటున్నడు, నన్ను కాపాడేటందుకు. ఆయన ముందర కళ్లల్ల నీళ్లు వచ్చినయి.

ఇది సగమే. మిగతా సగం ఇంటికి వచ్చినంక తెలిసింది.

మీ అత్త కూడా ఆ రోజులల్లనే నెమ్మదించింది అనుకున్న. వయసు మీద పడ్డది, నాకు ఎదురు చెప్పుడు మానేసింది అని హోటల్ల గొప్పగ చెప్పుకునేటోణ్ని. ఏదీ మానెయ్యలేదు బిడ్డా. పొద్దుగాల నుంచి మాట్లాడుతనే ఉన్నది. కోళ్లతో, నల్లాతో, నాతో. నేను పలకకపోతే నా వంతు మాట కూడా తనే అనుకుంటున్నది. "మోకాలు గుంజుతున్నది, దవాఖానకు పోదామా? పోదాం తియ్, వరికోతలు కానియ్." ఆ రెండో మాట నాది. నా పక్కన కూర్చుని, నా బదులు ఆమె అన్నది. నేను అయితే గంత మంచిగ అనకపోదును. కారు సంగతి అడిగిన. "పన్నెండేండ్ల నుంచి చెప్తనే ఉన్న, టకటక కొడుతున్నదని. నువ్వు తలకాయ ఊపుతనే ఉన్నవ్" అన్నది. నిన్న మోకాలు చూపించుకొచ్చినం.

అన్నిటికంటే ఇది చెప్పాలె. పెండ్లయిన కొత్తల నేను మిల్లుకు పోయేటప్పుడు జాగ్రత్త చెప్పుకుంట "పైలంగ పోయిరా" అనేది. ఎప్పుడో ఆపేసింది అనుకున్న. ఆమెనే ఆపేసినంక నాకేం పట్టింపు అని నేను కూడా "పోయొస్త" అనుడు మానేసిన. సోమవారం పొద్దున చెప్పులు తొడుక్కుంటుంటే వినిపించింది. పైలంగ పోయిరా. చాటల బియ్యం చెరుగుకుంట, తల కూడా ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం అని ఎన్నడో తెలుసుకున్నట్టున్నది. అట్లనే గడప మీద కూర్చుండిపోయిన. పన్నెండేండ్లంటే ఎన్ని పొద్దుగాలలు.

"పోయొస్త" అన్న.

చాట కింద పెట్టి నా ముఖం చూసింది. "ఏమైంది, మిషన్ల బ్యాటరీ గిట్ల అయిపోయిందా?" అని అడిగింది.

కారు నీదే, తెచ్చి ఇయ్యకు. పుస్తకంల ఉన్న ఆయిలే పోయించు, టాపెట్లకు ఆ ఒక్కరోజు సెలవు పెట్టు. తాజుద్దీన్‌కు నా సలాం అట్లనే ఉంచు, ఈసారి సరైన అర్థంల.

నీ మామ,
కిష్టయ్య

ఇంకొకటి. నా నలభై నంబరు డబ్బా పారెయ్యకు, వచ్చేటప్పుడు తీసుకురా. మా వంటింటి తలుపు కిర్రుమంటున్నది. ఎన్నేండ్ల నుంచో అని మీ అత్తను అడగలేదు.